పక్క మునుం

ఆయాసం అనే మాట వింటే స్వరాజ్యానికి ఒళ్లు మండేది. జ్వరమొస్తే జ్వరమనాలి, నడుం పడితే నడుం పట్టిందనాలి, వాటిని ఆమె ఒప్పుకుంటుంది. ఆయాసం మాత్రం ఆమె దృష్టిలో రోగం కాదు, పని ఎగ్గొట్టడానికి మనుషులు కనిపెట్టిన సాకు. నాట్ల మడిలో ఎవరైనా నడుమెత్తి నిలబడి రెండుసార్లు గట్టిగా ఊపిరి పీల్చుకుంటే చాలు, "ఏందే, గుట్టెక్కినవా?" అని వంగినచోటి నుంచే అడిగేది. తలెత్తకుండా, వెనక్కి తిరగకుండా, ఎవరు నిలబడ్డారో ఆమెకెట్లా తెలిసేదో ఆ దేవుడికే ఎరుక.

కోహెడ చుట్టుపక్కల ఊళ్లలో స్వరాజ్యం జట్టంటే రైతులకు గురి. ఎకరానికింత అని గుత్త మాట్లాడుకుని, పొద్దున్నే దిగి, చీకటి పడేలోపు మడి ముగించి, వచ్చింది అందరూ సమానంగా పంచుకుంటారు. సమానంగా పంచుకోవాలంటే సమానంగా నాటాలి కదా. అందుకని మడిలో దిగగానే ఎవరి మునుం వాళ్లు పట్టుకుంటారు. మునుమంటే మనిషికో పట్టె. పక్కపక్కన వంగి, చేయి అందినంత వెడల్పున నారు గుచ్చుతూ, అందరూ ఒకే వరుసలో వెనక్కి వెనక్కి నడుస్తారు. ఒకామె చేయి మందగించిందా, మిగతావాళ్లు వెనక్కి జరిగిపోతారు, ఆమె చుట్టూ నాటిన నారు నిలబడుతుంది, మధ్యలో ఆమె ఒక్కతే ఇరుక్కుపోయి గట్టుమీది వాళ్లందరికీ కనిపిస్తుంది. ఆ ఆడవాళ్లకు అంతకు మించిన సిగ్గు లేదు.

ఈ మధ్య బీహారు నుంచి మగవాళ్ల జట్లు వచ్చి పడుతున్నాయి. తాళ్లు పట్టుకుని దిగుతారు, మాటా పలుకూ లేకుండా నాటేస్తారు, పొద్దు వాలకముందే ఇంకో మడికి పోతారు. రైతులు అటు మొగ్గడం మొదలుపెట్టాక స్వరాజ్యానికి పట్టుదల రెట్టింపయింది. ఆ పట్టుదలలోనే బుచ్చవ్వను జట్టులోంచి తీసేసింది. బుచ్చవ్వ పెద్దది, అమాయకురాలు. ఒకనాడు మడి మధ్యలో నిలబడి, "స్వరాజ్యం, నాకు దమ్ము సరిపోతలేదు బిడ్డా" అని ఉన్నమాట చెప్పింది.

"దమ్ము లేనోళ్లు ఇంట్ల కూసోవాలె పెద్దమ్మా. నీ మునుం ఎవలు నాటాలె?" అంది స్వరాజ్యం, నాటుతూనే.

బుచ్చవ్వ చేతిలోని నారు గట్టుమీద పెట్టి, పైకి దోపుకున్న చీర కిందికి దించుకుని వెళ్లిపోయింది. మళ్లీ ఏ మడిలోనూ దిగలేదు. ఇప్పటికీ నాట్లకు పోయే ఆడవాళ్లు తన ఇంటిముందు నుంచి పోతుంటే లోపలికి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంటుంది.

బుచ్చవ్వ వెళ్లిపోయిన ఆ రోజు స్వరాజ్యం పక్క మునుంలో ఉన్నది ఆమె యారాలు భవాని. స్వరాజ్యం భర్త కాశయ్య, భవాని భర్త లింగమూర్తి, ఇద్దరూ అన్నదమ్ములు. స్వరాజ్యానికి పిల్లలు లేరు. భవాని ఆ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి ఇంకా జడకు రిబ్బన్లు కట్టుకునే వయసు. అత్త లేని ఇంట్లో ఆమెకు అత్తా, అక్కా, అమ్మా అన్నీ స్వరాజ్యమే. నారు ఎన్ని మొక్కలు పట్టాలో, బొటనవేలితో ఎంత లోతు గుచ్చాలో నేర్పింది ఆమే. నేర్పుతూ తిట్టింది, తిట్టి అన్నం పెట్టింది. భవానికి ఆ తిట్లంటే ఇప్పటికీ భయం. పిల్లలు పెద్దవాళ్లయినా, తనకే తలలో తెల్ల వెంట్రుకలు కనిపిస్తున్నా, అక్క గొంతు పెరిగితే చాలు, లోపల ఆ కొత్తకోడలు లేచి నిలబడుతుంది.

పోయినేడు యాసంగిలో, రెండో పంట నాట్లప్పుడు, భవాని మొదటిసారి గమనించింది. గమనించింది చేతుల్ని కాదు, మాటల్ని. నాట్లలో కథలు చెప్పడం స్వరాజ్యం హక్కు. మొగుణ్ని గంపకింద దాచిన ఆడదాని కథ, చుట్టమొచ్చి పోనంటే పొయ్యిలో నీళ్లు పోసిన కథ. నోరు ఆడుతుంటే చేయి దానంతటదే ఆడేది. ఆ యాసంగిలో కథ మధ్యలో ఆగడం మొదలైంది. "తర్వాతేమైంది అక్కా?" అంటే, "నువ్వు జెప్పరాదే యాదవ్వా, నా గొంతు పట్టేసింది" అనేది. స్వరాజ్యానికి అటుపక్క మునుం పట్టే యాదవ్వకు కథలు రావు. అయినా ఏదో ఒకటి చెప్పేది, ఎవరూ నవ్వకపోయినా చెప్పేది. స్వరాజ్యం గొంతు మాత్రం ఎన్నాళ్లయినా బాగుపడలేదు. మడిలోంచి గట్టెక్కి మాట్లాడేటప్పుడు ఖంగుమనే గొంతు, వంగి నాటేటప్పుడే పట్టేసేది.

తర్వాత ఒకరోజు పక్క చూపులో భవానికి ఖాళీ కనిపించింది. తన మునుం అంచుకూ అక్క నాటిన మొక్కలకూ మధ్య నీళ్లు మెరుస్తున్నాయి. స్వరాజ్యం చేయి అంతదూరం చాచడం లేదు. ఇంకాసేపట్లో వరుసలోంచి జారిపోతుంది. భవాని ఏమీ ఆలోచించలేదు. కుడిచేయి ఇంకాస్త చాచి ఆ ఖాళీలో నాలుగు మొక్కలు గుచ్చింది. స్వరాజ్యం తలెత్తలేదు. వరుస చక్కగా సాగింది.

అట్లా మొదలైంది. మొదట అంచున కొంచెం, తర్వాత ఇంకొంచెం. వానాకాలం నాట్లు వచ్చేసరికి అటుపక్క నుంచి యాదవ్వ కూడా చేయి చాపుతోంది. ఇద్దరూ ఈ సంగతి ఎన్నడూ మాట్లాడుకోలేదు. ఒకసారి మాత్రం గట్టుమీద అన్నం తినేటప్పుడు యాదవ్వ మెల్లగా, "నీకెరుకేనా?" అంది. భవాని తలూపింది. "జెప్పరాదు మల్ల?" అంది యాదవ్వ. "జెప్తే ఇగ మడిల దిగుతదా? బుచ్చవ్వకు జెప్పిన మాటే తనకు జెప్పుకుంటది" అంది భవాని. అది నిజమే. ఆ నిజం వెనక ఇంకో నిజం ఉంది, అది యాదవ్వకు చెప్పలేదు. అక్క ముఖంలోకి చూసి 'నీకు చేతకావడం లేదు' అనే ధైర్యం తనకు లేదు. జాలి అని పేరు పెట్టుకుంది కానీ, అందులో సగం పిరికితనమే.

స్వరాజ్యం అబద్ధం చెప్పలేదు, నటించనూ లేదు. ఒంటికి తాను ఎంత పని చేసిందో తెలియదు. ఎంత కష్టమైందో అదొక్కటే తెలుస్తుంది. పొద్దుగూకేసరికి ఆమెకు ఎప్పుడూ ఎంత అలసటో అంతే అలసట. వరుసలో ఎప్పుడూ ఎక్కడుండేదో అక్కడే ఉంది. ఇక ఆమెకు అనుమానం ఎందుకొస్తుంది? తన మునుం సగానికి సగం కురచైపోయిందని చెప్పాల్సినవాళ్లు చెప్పలేదు. పైగా గట్టెక్కి నడుం మీద చేతులు పెట్టుకుని, "సూడున్రి, ఈ నడుం ఇంక పోరి నడుమే. బీహారోళ్లు గాదు, వాళ్ల తాతలొచ్చినా మనమే ముందు" అనేది. ఆడవాళ్లందరూ అవునవును అనేవాళ్లు. రాత్రి పడుకుంటే దగ్గు తెరలు వస్తున్నాయని రెండు దిండ్లు ఎత్తుగా పెట్టుకుంటున్న సంగతి కాశయ్యకు తెలుసు. పొయ్యి పొగ వల్ల అనుకున్నాడు ఆ మహానుభావుడు.

ఒక మనిషి పని తగ్గితే ఆ పని గాలిలో కలిసిపోదు, ఇంకొకరి మీద పడుతుంది. ఈ ఏడు యాసంగి మొదలయ్యేసరికి భవాని రొప్పడం మొదలుపెట్టింది. ఒకటిన్నర మునుం నాటే మనిషి రొప్పక ఏం చేస్తుంది? జనవరి చలిలో, పిక్కల లోతు బురదనీళ్లలో, ఆమె ముఖం మీద చెమట. స్వరాజ్యం చూసింది. మొదట ఎప్పటిలా, "ఏందే, గుట్టెక్కినవా?" అంది. తర్వాత అనడం మానేసింది. అన్నం తినేటప్పుడు భవాని కంటి రెప్ప కిందికి లాగి చూసింది.

"నీ ఒంట్ల నెత్తురు లేదే పోరీ."

"ఏం లేదక్కా. మంచిగనే ఉన్న."

"ఏం మంచిగున్నవే? నీ ఈడుల నేను ఎంత నాటేదాన్ని! గింత పనికే కుక్కోలె ఒగరుస్తున్నవ్. నాకు తిండి గూడ పోతలేదు, నీ బెంగే పట్టుకున్నది."

ఆయాసమంటే సాకని నమ్మిన మనిషి, తన యారాలి ఆయాసాన్ని మాత్రం నమ్మింది. లింగమూర్తితో ఒక మాట చెప్పి, మరునాడు పని మానుకుని, భవానిని సిద్దిపేట బస్సెక్కించింది. దారి పొడుగునా, డాక్టరు దగ్గర ఏమీ దాచకూడదని బుద్ధులు చెప్పింది. కిటికీ పక్కన కూర్చుని భవాని విన్నది. తన పక్కన కూర్చున్న మనిషినే డాక్టరుకు చూపించాలని, అందుకు ఇంతకంటే మంచి వీలు దొరకదని ఆమెకు తెలుసు. సిద్దిపేటలో దిగేలోపు చెప్పేయాలనుకుంది. దిగాక, దవాఖాన దాకా నడిచేలోపు అనుకుంది.

డాక్టరమ్మ పై అంతస్తులో ఉంటుందన్నారు. మెట్లు ఎక్కుతూ సగంలో స్వరాజ్యం ఆగింది. గోడమీద పిల్లలకు వేయించే టీకాల బొమ్మ అంటించి ఉంది. స్వరాజ్యం దాని ముందు నిలబడి, పై నుంచి కిందిదాకా శ్రద్ధగా చూసింది. ఆమెకు అక్షరం ముక్క రాదు. ఆమె భుజాలు ఎగసి పడుతున్నాయి, చీర కొంగు చాటున నోరు తెరిచి ఊపిరి తీసుకుంటోంది. "మంచిగ రాసిన్రు" అంది కాసేపటికి, ఇంకో మెట్టు ఎక్కుతూ. భవానికి ఏడుపొచ్చింది. చేయి పట్టుకోబోతే విదిలించుకుని, "రోగం నీకా నాకా?" అంది.

డాక్టరమ్మ చిన్న వయసుదే కానీ ఓపిక గల మనిషి. భవాని నెత్తురు పరీక్ష చేయించింది, గుండె విన్నది, ఛాతీ ఫొటో తీయించింది. తర్వాత వేలికి చిన్న క్లిప్పు పెట్టించి, వరండాలో ఆ చివరికీ ఈ చివరికీ వేగంగా నడవమంది. "పిల్ల బెదురుతది, నేను గూడ నడుస్త" అని స్వరాజ్యం పక్కన బయలుదేరింది. ఒక్కసారి ఆ చివరికి వెళ్లి తిరిగి వస్తూ, దారిలో ఉన్న బెంచీ మీద కూర్చుండిపోయింది. "మోకాళ్లే. నువ్వు నడువు" అని చేత్తో సైగ చేసింది. మాట చాలా సేపటికి గానీ రాలేదు.

"ఎంత కష్టంగా ఉంది? ఏం కష్టం లేకుంటే సున్నా, ఇక నాతోని కాదంటే పది. ఎంత చెప్తవ్?" అని అడిగింది డాక్టరమ్మ.

భవాని తికమకపడింది. "గట్ల నాకు రాదు మేడం. గట్టుమీద నిలవడి నారు పంచినంత గూడ లేదు" అంది. డాక్టరమ్మ నవ్వింది. క్లిప్పు చూసి, కాగితాలు చూసి, స్వరాజ్యాన్ని లోపలికి పిలిచింది.

"మీ చెల్లెకు ఏం లేదమ్మా. నెత్తురు కొంచెం తక్కువున్నది, మందులిస్త. గుండె, ఊపిరి బ్రహ్మాండంగా ఉన్నయ్, ఈ నడక ఆమెకు లెక్కనే కాదు. పనే మోయలేనంత చేస్తున్నట్టుంది. కొన్నాళ్లు తగ్గించుకోవాలె." అని, స్వరాజ్యం వైపు ఒక క్షణం ఆగి చూసి, "మీకెట్లుంటున్నది? ఆయాసం గిట్ల వస్తదా?" అంది.

"నాకా?" స్వరాజ్యం పకపకా నవ్వింది. "నాకేమొస్తది మేడం? జట్టుల అందరి కంటె నేనే ముందుంట. కావాలంటె దీన్నే అడుగున్రి."

డాక్టరమ్మ భవాని వైపు చూసింది. స్వరాజ్యం కూడా చూసింది, నవ్వుతూ, గర్వంగా. ఇంతకంటే సులువుగా ఆ ప్రశ్న ఎవరూ అడగరు. ఒక్కమాట చాలు. బయట ఇంకా జనం వరుసలో కూర్చున్నారు, నర్సు తలుపు దగ్గర నిలబడి ఉంది. భవాని కళ్లముందు బుచ్చవ్వ మూసుకున్న తలుపు కదిలింది. ఇంతమంది ముందు, పరాయి మనిషి ముందు, అక్క ముఖం మాడిపోవడం తాను చూడలేననిపించింది.

"అవును మేడం" అంది భవాని.

తిరుగు బస్సులో స్వరాజ్యం తీర్పు చెప్పేసింది. ఈ యాసంగి అయ్యేదాకా భవాని మునుం పట్టకూడదు. గట్టుమీద నిలబడి నారుకట్టలు మడిలోకి విసరాలి, అంతే. భవాని బతిమాలింది. తనకేం కాలేదని, డాక్టరమ్మే అన్నదని, నాటకపోతే వంతు ఎట్లా తీసుకుంటానని అంది.

"నీ వంతు పని నేను నాట్త. ఎవలేమంటరో అననీ" అంది స్వరాజ్యం. "నిన్ను తోలుకొచ్చుకున్నది ఒగరుస్తుంటె సూడనీకి గాదు."

భవాని వెక్కి వెక్కి ఏడ్చింది. స్వరాజ్యం అది నీరసమనుకుని తల తన భుజం మీదికి లాక్కుంది.

మర్నాడు దుబ్బయ్య అనే రైతు మడి. పక్కమడిలో అప్పటికే బీహారు జట్టు దిగి ఉంది. పొద్దున పోయేటప్పుడే భవాని యాదవ్వను పక్కకు పిలిచి, "జర చూస్కో అక్కను. నీ దిక్కు నుంచి ఎక్కువ తీసుకో" అంది. యాదవ్వ సరేనంది. కానీ మడిలో దిగాక స్వరాజ్యం చేసిన పని చూసి యాదవ్వ కూడా నోరు తెరిచింది. తన మునుం, భవాని మునుం రెండూ కలిపి పట్టుకుంది. రెండు కాళ్లూ ఎడంగా వేసి, రెండు పక్కలకూ ఊగుతూ నాటడం మొదలుపెట్టింది. యాదవ్వ ఎంత చేయి చాపినా అందేది ఒక అంచే. ఇంకో అంచున ఎప్పుడూ ఉండే చేయి ఇప్పుడు గట్టుమీద నారుకట్ట పట్టుకుని నిలబడి ఉంది.

మొదట బాగానే సాగింది. పట్టుదల మనిషిని కొంతదూరం మోస్తుంది. ఆ తర్వాత స్వరాజ్యం చేయి ఆగి ఆగి కదలడం భవానికి కనిపించింది. వరుస వెనక్కి జరిగింది, స్వరాజ్యం జరగలేదు. ఆమెకు రెండు పక్కలా నాటిన నారు నిలబడింది. పక్కమడిలోంచి బీహారు కుర్రవాళ్లు అటు చూసి ఏదో అనుకున్నారు. స్వరాజ్యం చూసింది. నడుమెత్తకుండానే చేయి జోరు పెంచింది.

భవాని నారుకట్ట కింద పడేసి మడిలో దూకింది. నాటిన మొక్కలు తొక్కుకుంటూ అక్క పక్కకు వెళ్లి వంగింది.

"బయటికి నడువు" అంది స్వరాజ్యం. ఆమె పెదవులు నేరేడుపండు రంగులో ఉన్నాయి.

"అక్కా, నీకు శాతనైతలేదు. నీకే. నాక్కాదు. అక్కా, ఇనరాదే..."

"డాక్టరమ్మ... ఏం జెప్పింది?" ఒక్కో మాటకూ మధ్య ఒక్కో ఊపిరి. "పో. ఇది... అయిపోయింది."

నవ్వబోయింది. చేతిలో మిగిలిన నారు ఇంకో రెండుచోట్ల గుచ్చింది. మూడోది గుచ్చడానికి వంగి, అట్లాగే బురదలో కూలబడింది. భవాని ఆమె తల నీళ్లలో మునగకుండా ఒడిలోకి లాక్కుంది. ఛాతీలోంచి గరగరమని చప్పుడు వస్తోంది. నోటి అంచున నురగలో లేత ఎరుపు. ఆడవాళ్లంతా ఒక్కసారిగా అరిచారు. పక్కమడిలోంచి బీహారు కుర్రవాళ్లే తాళ్లు వదిలేసి పరుగెత్తుకొచ్చి, ఆమెను ఎత్తి రోడ్డుదాకా మోశారు.

సిద్దిపేట దవాఖానలో గుండె డాక్టరు పరీక్షలన్నీ చూసి కాశయ్యనూ లింగమూర్తినీ భవానినీ బయటికి పిలిచాడు. గుండెలో నెత్తురు పోయే దారికి ఒక కవాటం ఉంటుందని, చిన్నప్పుడెప్పుడో వచ్చిన కీళ్లజ్వరం వల్ల అది దెబ్బతిని ఏళ్ల తరబడి మెల్లమెల్లగా మూసుకుపోయిందని, నెత్తురు ముందుకు పోలేక ఊపిరితిత్తుల్లో నీరు నిండిందని వాళ్లకు అర్థమయ్యేట్టు చెప్పాడు. ఏడాది కిందట వచ్చి ఉంటే తొడ దగ్గరి నరంలోంచి చిన్న బెలూను పంపి ఆ దారి తెరిచేవాళ్లమని, వారంలో ఇంటికి పోయేదని అన్నాడు. ఇప్పుడు కిడ్నీలు కూడా పనిచేయడం లేదు.

"ఇంత దూరం వచ్చేదాక ఆయాసమే తెల్వలేదా ఆమెకు? పనికి పోయేదా?" అని అడిగాడు.

"పోయేది సార్. జట్టుల అందరికంటె ముందు నాటేది" అన్నాడు కాశయ్య. ఆ ఏడుపులో కూడా ఆయన గొంతులో కాస్త గర్వం ఉంది.

మూడోనాటి మధ్యాహ్నం స్వరాజ్యానికి తెలివి బాగానే వచ్చింది. ముక్కు మీద మాస్కు, ఎత్తుగా లేపిన మంచం. లోపలికి ఒక్కరినే పోనిస్తామన్నారు. కాశయ్య తాను చూడలేనని భవానిని పంపాడు. భవాని మంచం పక్కన నిలబడి మొత్తం చెప్పింది. మునుం అంచున ఖాళీ దగ్గర మొదలుపెట్టి, యాదవ్వ చేయి, బస్సు, డాక్టరమ్మ అడిగిన ప్రశ్న, ఏదీ మిగల్చకుండా చెప్పింది. తప్పు కాయమని అడగలేదు. అడిగే ముఖం లేదు.

స్వరాజ్యం మాస్కు కొంచెం పక్కకు లాగింది.

"నేనే... నాటిననుకున్న" అంది.

భవాని తల దించుకుంది.

"ఆళ్లందరికి... ఎరుకేనా?"

"యాదవ్వకు ఎరుకక్కా. మిగిలినోళ్లకు గూడ... ఎరుకే ఉంటది."

స్వరాజ్యం కళ్లు మూసుకుంది. మాస్కు మళ్లీ పెట్టుకుంది. ఊపిరి కాస్త కూడాక మళ్లీ తీసింది. కోపమేమీ లేదు ఆ గొంతులో. అర్థం కాని సంగతేదో అడిగినట్టు అడిగింది.

"జెప్తే ఏం జేస్తుంటినే? తిడ్తుంటి. రెండు దెబ్బలేస్తుంటి. ఓ పూట నీతోని మాట్లాడకపోతుంటి. గంతే... గదనే భవానీ."

భవాని ఇన్నాళ్లూ ఎంత పెద్దదో అని భయపడిందీ, మోసిందీ ఆ కొంచెమే. రెండు తిట్లు, ఒక పూట మౌనం. దాన్ని తప్పించుకోవడానికి ఒక మనిషి ప్రాణం ఖర్చయింది.

ఆ మర్నాడు పొద్దున్నే స్వరాజ్యం పోయింది. అంత సులువుగా పోలేదు. మంచం కడ్డీ పట్టుకుని, లేచి కూర్చోబోతూ, మళ్లీ పడుతూ, ఒక్క గుక్క గాలి కోసం నోరంతా తెరిచి, పక్కనున్న భవాని మణికట్టు మీద గోళ్లు దిగేదాకా పట్టుకుని పోయింది. కళ్లు తెరుచుకునే ఉన్నాయి. నర్సులు వచ్చి చేయి విడదీయాల్సి వచ్చింది.

బయట వరండాలో కాశయ్య నేలమీద కూర్చుని ఉన్నాడు. తువ్వాలు నోట్లో కుక్కుకుని, భవాని రావడం చూసి తీశాడు.

"కష్టమైందా బిడ్డా? పాణం పోయేటప్పుడు దానికి బాగ కష్టమైందా?"

భవాని చీర కొంగు మణికట్టు మీదికి లాక్కుంది.

"లేదు బావా" అంది. "ఏం కష్టం గాలే."